చిన్న ఫోను, చెనిక్కాయ కొంగు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీద వరసగా ఉన్న ఊళ్ళు. పత్రికలో పనిచేసిన ముప్పయ్యేళ్ళలో బెంగళూరు వెళ్తూ వస్తూ ఆ స్టేషన్ల బోర్డులు ఎన్నిసార్లు చదివానో. ఒక్కసారీ దిగలేదు. ఉద్యోగం అయిపోయాక, ఎండలు ఇంకా తగ్గకముందే, తెనాలి నుంచి బయల్దేరి ఊరికొక రోజు చొప్పున ఉండి వచ్చాను. ఊళ్ళ గురించి రాద్దామని వెళ్ళాను. తీరా రాయబోతే చాలావరకు నా జేబులోని ఫోను గురించే అవుతోంది.

ఆ ఫోను సంగతి ముందు చెప్పాలి. అరచేతిలో ఇమిడిపోతుంది. చొక్కా జేబులో వేస్తే అంచు కూడా బయటికి కనపడదు. చిన్నదే గాని చవకది కాదు. కంపెనీవాళ్ళు తమ పెద్ద ఫోన్లలో పెట్టే కెమెరానే దీంట్లోనూ పెట్టారు. రెండో చేతిలో నోటుబుక్కు ఉండడం నాకు అలవాటు కనుక, ఒంటిచేత్తో వాడుకునేది కావాలని ఏరి కొన్నాను. చిన్న ఒంట్లో పెద్ద బ్యాటరీ పట్టదని కొన్న వారానికి తెలిసింది. పొద్దున నూరు శాతంతో గడప దాటితే భోజనాల వేళకి నలభై. ఎండలో నాలుగు ఫోటోలు తీస్తే పెనంలా కాలుతుంది. అక్షరాలు చీమల్లా ఉంటాయి, పెద్దవి చేస్తే తెర మీద మూడు వాక్యాలు పట్టవు. పవర్ బ్యాంకు పట్టుకెళ్ళమని మా ఆవిడ పద్మ చెప్పింది. ఫోను కంటే బరువైనదాన్ని మోసుకు తిరగడానికా చిన్న ఫోను కొన్నది అని వదిలేశాను.

అలా రెండు భయాలతో బయల్దేరాను. ఫోను జారి పడుతుందేమోనని ఒకటి, ఆరిపోతుందేమోనని ఒకటి. మూడోది ధర్మవరంలో పట్టుకుంది.

హిందూపురం: పళ్ళెం ఇడ్లీ, చింతపండు గుట్ట

స్టేషను నుంచి బజారు వైపు నడిస్తే ఒక చిన్న హోటలు. ఇడ్లీ పళ్ళెమంత ఉంది. తట్టె ఇడ్లీ అంటారు. జత నలభై రూపాయలు. సాంబారులో బెల్లం. మా వైపు సాంబారు ఇంత తియ్యగా ఉంటే వంటవాణ్ణి మార్చేస్తారు. ఇక్కడ రెండోసారి అడిగి పోయించుకుంటున్నారు. హోటలాయన ఒక బల్లకి కన్నడంలో, ఒక బల్లకి తెలుగులో బదులిస్తూ, మధ్యలో నా బల్ల మీది ఫోను చూసి ఆగాడు.

"పిల్లోళ్ళదా సార్? ఎన్ని దుడ్లు?"

అసలు ధర చెప్పడానికి నోరు రాలేదు. సగం చేసి చెప్పాను. ఆ సగానికే ఆయన చేతిలోని సాంబారు బకెట్టు కింద పెట్టాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒకావిడ పకపకా నవ్వింది. పేరు మంజులమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి. ఇంట్లో కూర్చుని ఫోనులోనే చీరలు అమ్ముతుంది. మగ్గాల వాళ్ళ దగ్గర, దుకాణాల దగ్గర ఫోటోలు తెచ్చి తన గ్రూపులో పెడుతుంది, అడిగినవాళ్ళకి తెప్పించి ఇస్తుంది. ఆమె ఫోను పలకంత ఉంది.

"ఇంత బుడ్డదాంట్లో చీర యాడ కనపడతాది సార్? కొంగొక తూరి, అంచొక తూరి చూడాల్సిందే," అంది. మా ఆవిడ చూస్తుందిలే అని తన గ్రూపులో నన్నూ చేర్చేసింది. మూడొందల మందికి పైగా ఉన్నారు. వద్దనడం మర్యాద కాదనుకున్నాను.

మధ్యాహ్నం చింతపండు మార్కెట్టుకి వెళ్ళాను. గుట్టలు గుట్టలుగా పోసి ఉంది. గాలి పీల్చినా నోట్లో నీళ్ళూరుతున్నాయి. ధర అడుగుతూ వంగాను, జేబు తేలికైంది. చూసేసరికి ఫోను లేదు. గుట్ట నున్నగా, నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది. అమ్మే అవ్వ లేచి, మోచేయి దాకా చెయ్యి దించి, చేపని పట్టినట్టు పట్టి తీసింది. చార్జింగ్ రంధ్రంలో చింతపండు గుజ్జు ఇరుక్కుంటే రవికకున్న పిన్నీసు తీసి ఆమే గీకింది. ఫోను బతికింది గాని ఆ పూట నుంచి వైరు ఒక వైపుకి వంచి పట్టుకుంటే తప్ప చార్జి ఎక్కలేదు.

పెనుకొండ: మందలాయన ప్రశ్న

మర్నాడు పొద్దున కొండెక్కాను. కింద నుంచి చూస్తే దగ్గరే అనిపిస్తుంది. మెట్లు, బండలు, విరిగిన కోటగోడ, మళ్ళీ మెట్లు. ఒకప్పుడు రాజులు వేసవికి వచ్చి ఉన్న చోటట. ఆ వేసవి ఎలాంటిదో గాని నాకు దొరికింది నిప్పుల వేసవి. రెండో ద్వారం దగ్గర కోటగోడ ఫోటో తీయబోతే, వేడెక్కాను, చల్లారేదాకా పని చేయను అని తెర మీద రాసి కెమెరా మూసుకుంది. దాన్ని తడి చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాను. జ్వరం వచ్చిన పిల్లని ఎత్తుకున్నట్టు ఉంది.

దిగేటప్పుడు ఏ మలుపు తప్పానో తెలియదు. ముళ్ళ పొదలు, గుండ్రాళ్ళు, ఎటు చూసినా ఒకేలా ఉన్న బండలు. దారి చూపించే పటం కోసం ఫోను తీస్తే పదకొండు శాతం చూపించి, నా కళ్ళముందే ఆరిపోయింది. నీళ్ళ సీసా ఖాళీ. గొంతెత్తి పిలిస్తే నా గొంతే బండలకి తగిలి వచ్చింది. అరగంట కూర్చున్నానో గంట కూర్చున్నానో చెప్పలేను. గడియారం కూడా ఫోనే కదా.

గొర్రెల మంద వచ్చాక మనిషి కనపడ్డాడు. తలకి తుండు, భుజాన కంబళి, మెడలో తాడుకి కట్టిన పాత బటన్ల ఫోను. యాడికి పోవాల్నని అడిగాడు. ఊళ్ళోకి అన్నాను. తిరిగి చెయ్యి చూపించాడు. నేను దిగుతున్నది ఊరికి అవతలి వైపుకట. పొద్దు వాలితే ఆ గుండ్ల కాడికి ఎలుగ్గొడ్డు దిగుతుందని, పోయినేడు తన గొర్రెపొట్టేలుని చీల్చిందని మామూలుగా చెప్పాడు. దారి పొడుగునా ఆయన వెనకే, గొర్రెల మధ్యే నడిచాను.

నా ఫోను ధరెంతో, ఎందుకు ఆరిపోయిందో చెప్పమన్నాడు. చెప్పాను. తనది ఆదివారం ఇంటికి పోయినప్పుడు ఒకసారి చార్జి పెడితే మళ్ళీ ఆదివారం దాకా ఉంటుందన్నాడు. నాది చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అన్ని దుడ్లు పోసి కొని, దినామూ నువ్వే దీనికి తిండి పెట్టల్లా?"

కొండ కింద టీ కొట్టులో ఇద్దరం టీ తాగాం. డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు.

ధర్మవరం: గడప దగ్గర బుట్ట

ధర్మవరంలో పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని మగ్గాల వీధి పట్టుకున్నాను. తెనాలిలో వీధిలో నడిస్తే టీవీలు వినపడతాయి. ఇక్కడ ఇంటింటా మగ్గం దెబ్బ. ఒక ఇంటి ముందు నిలబడి వింటుంటే గడప కడుగుతున్న ఇల్లాలు ఎవరు కావాలని అడిగింది. ఊరు చూడ్డానికి వచ్చానంటే లోపలికి రమ్మంది. ఆమె సుజాతమ్మ, మగ్గం మీద ఉన్నది భర్త కుళ్ళాయప్ప. అసలు పేర్లు వేరే.

గడప పక్కన ఒక వెదురు బుట్ట ఉంది. అందులో ఆ ఇంటివాళ్ళవే రెండు పెద్ద ఫోన్లు. ఆ వీధిలో కొత్త డిజైను మగ్గమెక్కిన ఇంట్లో ఇదే పద్ధతి. వచ్చినవాళ్ళ ఫోనూ ఆ బుట్టలోనే పడాలి. నేసిన మేర మీద తుండు కప్పి ఉంచుతారు. చీర కోసి షావుకారి చేతిలో పెట్టేదాకా బయటివాళ్ళ కంట పడకూడదు. ఒక్క ఫోటో బయటికి పోతే చాలు, ఎక్కడో మరమగ్గం మీద అదే చీర దిగిపోతుంది. నేను జేబులోంచి ఫోను తీసి బుట్టలో వేయబోతే సుజాతమ్మ చూసి, "అది ఉండనీలే సార్," అంది. మూడు కళ్ళున్న పెద్ద ఫోన్లకే ఆ బుట్ట. నాది చూసి ఏదో పాతకాలపుదనుకుంది. నేను సరిదిద్దలేదు.

కుళ్ళాయప్పకి నలభై దాటాయి. కాళ్ళు మగ్గం కింది గుంతలో, చేతులు చీర మీద. తల మీద జాకార్డు పెట్టె, దానికి వేలాడే చిల్లుల అట్టలు. ఏ చిల్లు ఎక్కడుందో దాన్ని బట్టి ఏ దారం లేవాలో తేలుతుంది. పదహారో ఏట మగ్గమెక్కాడు. ఇన్నేళ్ళూ నేసింది పరుల డిజైన్లే. మామిడి పిందెలు, నెమళ్ళు, గుడి గోపురాలు. ఇది మొదటిసారి తన సొంతం. షావుకారు మొదట నవ్వాడట, తర్వాత సరేనన్నాడు. షరతు ఒకటే. తన దుకాణంలో వేలాడకముందు ఇది ఇంకెక్కడా కనపడకూడదు. కనపడితే మిగతా చీరలు తీసుకోడు, ఇంకెప్పుడూ సొంత డిజైను అడగడు. ఒక వార్పుకి, అంటే మగ్గం మీద ఒకసారి ఎక్కించిన నిలువు దారాలకి, మూడు చీరలు. మొదటిది ఒళ్ళు అయిపోయి కొంగులో ఉంది. మూరెడు నేస్తే కోసేయొచ్చు.

సుజాతమ్మ సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పెట్టింది. మా వైపు వేరుశనగ పచ్చడి అంటాం. తింటుంటే కుళ్ళాయప్పకి నా మీద గురి కుదిరినట్టుంది. తనంతట తనే తుండు తీశాడు.

మట్టి రంగు కొంగు. దాని మీద వేర్లతో సహా పీకిన చెనిక్కాయ మొక్కలు వరసలు వరసలుగా. పైన పచ్చటి ఆకులు, చిన్న చిన్న పసుపు పూలు, కింద జరీతో కాయల గుత్తులు. వాళ్ళ నాయన చేలో పీకిన మొక్కని ఎదురుగా పెట్టుకుని గీశాడట. పట్టుచీర మీద వేర్లని నేనెప్పుడూ చూడలేదు. మా ఆవిడకి చూపిస్తాను, ఒక ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను.

ఆయన నా చేతిలోకి చూసి నవ్వాడు. "దాంట్లో ఏం పడతాదిలే సార్. తీసుకో. అమ్మకి తప్ప ఇంకెవరికీ చూపించొద్దు."

ఆ చిన్నదాంట్లో ఏం పడుతుందో నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. చెబితే వద్దంటాడని. పొద్దున్నుంచీ ఆ వీధికి కరెంటు లేదు, లైను పని జరుగుతోందట. తలుపు తీయించి ఆ వెలుగులో ఫోటో తీశాను. రాత్రి వైరు వంచి పట్టుకున్నంతసేపే ఎక్కిన చార్జి, తొమ్మిది శాతం మిగిలింది. పద్మ పేరు మీద వేలు పెట్టి పంపేశాను. కళ్ళజోడు నెత్తి మీదే ఉంది.

సంతోషపడతాడని ఫోటోని తెర మీద పెద్దది చేసి చూపించాను. కుళ్ళాయప్ప వంగాడు. నేను ఇంకా పెద్దది చేశాను. ఆకు ఈనెలు, జరీ మెలి, దారం పక్కన దారం. ఆయన నవ్వు ఆగిపోయింది.

"దారాలు లెక్కపెట్టొచ్చు కదా సార్ ఇందులో," అన్నాడు. గొంతు తగ్గింది. తర్వాత వేలితో ఒకచోట ఆగి, భార్యని పిలిచాడు. ప్రతి వరసలోనూ మూడో కాయకి ముక్కు లేదు. ఒక అట్టలో ఒక చిల్లు తక్కువ పడింది. రెండు నెలలుగా మగ్గం ముందున్న ఇద్దరి కళ్ళకీ అందని తప్పు నా ఫోనులో కనపడింది.

అప్పుడడిగాడు. "ఎవురికన్నా పంపినావా సార్?"

మా ఆవిడకే అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే చేతిలో ఫోను కదిలింది. ఎవరో తెలియని నంబరు. 'రేటెంత?' ఇంకొకటి. 'ఎక్కడ దొరుకుతుంది?' కళ్ళజోడు దించుకుని చూశాను. నేను వేలు పెట్టే క్షణానికి మంజులమ్మ గ్రూపులో కొత్త ఫోటో ఏదో వచ్చి, గ్రూపు పైకెక్కి, పద్మ ఒక వరస కిందికి జరిగింది. వరసలు అంత ఇరుకు. చీరల వాళ్ళు మూడొందల మంది ముందు చెనిక్కాయ కొంగు పరిచేశాను.

ఏం జరిగిందో చెప్పాను. చెరిపేయబోయాను. ఫోటో మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోను అడిగింది: అందరికీ చెరపాలా, నాకు మాత్రమేనా? రెండోది నొక్కితే నా కంటి ముందు పోతుంది, వాళ్ళ దగ్గర ఉండిపోతుంది, ఇక నా చేతిలో ఏమీ ఉండదు. మాటలు రెండూ ఒకదాని మీద ఒకటి, నా వేలి కంటే సన్నగా ఉన్నాయి. ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకున్నాను. నొక్కేలోగా తెర నల్లబడింది.

కరెంటు లేదు. వీధి మొత్తానికి లేదు. సుజాతమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి మూల మీది ఆటోని తీసుకొచ్చింది. ఆటోలో చార్జింగ్ పెట్టే చోటుంది. వైరు పెట్టి, ఒక వైపుకి వంచి, రెండు చేతులతో పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. కొంచెం కదిలితే చార్జి తెగిపోతుంది. ఆటోడ్రైవరు ఇంజను వేసి ఉంచాడు. ఇంత బుడ్డ ఫోనుకి ఇంత సేపా అని ఒక మాటన్నాడు గాని కుళ్ళాయప్ప మొహం చూసి ఊరుకున్నాడు. కుళ్ళాయప్ప ఆటో పై కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండు. తెర మీద కంపెనీ గుర్తు ఎప్పుడు వస్తుందా అని చూస్తూ, ఆ మూడొందల మందిలో ఇప్పుడు ఎవరు చూస్తున్నారు, ఎవరు దాచుకుంటున్నారు అని ఊహించుకుంటూ కూర్చున్నాను. అల్లర్లలో చిక్కుకున్నాను, వరదలో చిక్కుకున్నాను, పత్రిక పని మీద. అప్పుడు పోయేది నా ప్రాణమే. ఇక్కడ పోయేది ఆయనది.

పది నిమిషాలకి తెర వెలిగింది. అందరికీ అన్నదాన్నే నొక్కాను. ఫోటో పోయింది. అప్పటికే అడిగినవాళ్ళు పద్నాలుగు మంది.

మంజులమ్మకి ఫోను చేశాను, అందరికీ వినపడేలా పెట్టి. "ఇద్దరు పార్టీలకి పంపేసినా సార్. మీరే పెట్టినారు కదా, అమ్మేదేమో అనుకున్నా," అంది. తీసేయమని వాళ్ళకి చెబుతానంది. తీస్తారో లేదో తన చేతిలో లేదంది. అందులో అబద్ధం లేదు.

కుళ్ళాయప్ప లోపలికి వెళ్ళి, బుట్టలోంచి తన ఫోను తీసుకుని, షావుకారికి తనే చెప్పాడు. ఇంకొకరి నోట వినకముందే తన నోట వినాలని. గోడ వైపు తిరిగి మాట్లాడాడు. ఎక్కువ భాగం విన్నాడు. వచ్చి చెప్పాడు: రేపటికి మొదటి చీర తెచ్చిస్తే తీసుకుంటాడు. మిగతా రెండింటి మాట, బయట ఎక్కడా కనపడకపోతేనే.

"ఇంగ నువ్వు పో సార్," అన్నాడు. "బండి టైమైతాంది. మాకు పని ఉండాది."

క్షమించమన్నాను. ఆయన అప్పటికే గుంతలోకి దిగాడు. సుజాతమ్మ పక్కన కూర్చుని జరీ కండెలు అందిస్తోంది. నేను గడప దాటేసరికి మగ్గం మొదలైంది. వీధిలో అన్ని మగ్గాల కంటే వేగంగా.

తెనాలి

ఇంటికి వచ్చాక రోజూ మంజులమ్మ గ్రూపు చూశాను. పొద్దున లేవగానే, భోజనం దగ్గర, పడుకోబోయే ముందు. గ్రూపులోంచి బయటికి రావచ్చు. కానీ రాలేదు. ఒక్కొక్క చీర వస్తుంటే కొంగు కనపడేదాకా ఊపిరి బిగపట్టేవాణ్ణి. మామిడి పిందె అయితే హమ్మయ్య అనుకునేవాణ్ణి. పద్మ ఒకరోజు ఫోను లాక్కుని అన్నం తినమంది. రెండు వారాలు ఏమీ కనపడలేదు.

మూడో వారంలో వచ్చింది. మట్టి రంగు, పచ్చటి ఆకులు, వేర్లు. పట్టు కాదు, జరీ కాదు, మరమగ్గం. పట్టుచీర ధరలో పదోవంతు కూడా లేదు. నేనే పొరపడ్డానేమోనని పెద్దది చేశాను. ప్రతి వరసలోనూ మూడో కాయకి ముక్కు లేదు.

ఆ రోజు ఫోను చేయలేకపోయాను. మర్నాడు చేశాను. కుళ్ళాయప్పకి ముందే తెలుసు. మొదటి చీర అనుకున్న రోజుకి ఎలాగో కోసి ఇచ్చాడు, అది అమ్ముడుపోయింది. మిగతా రెండూ షావుకారు వద్దన్నాడు. అదే వార్పు మీద ఇప్పుడు షావుకారి మామిడి పిందెలు నేస్తున్నాడు. ఇదంతా ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పాడు. జరిగింది రాయాలనుకుంటున్నాను, మీకు ఇష్టం లేకపోతే రాయను అన్నాను.

"రాసుకో సార్. ఇంగ దాచేదేముండాది."

అవతల మగ్గం ఆగింది. ఆయన ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నట్టుంది.

"ఇంగోటి గీస్తాండా సార్. ఈ తూరి కొంగులో..."

"చెప్పొద్దప్పా," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, వంటింట్లోంచి పద్మ తొంగి చూసింది. "నాకు చెప్పొద్దు. ఫోనులో అసలే చెప్పొద్దు."

"భయం నీకూ పట్టుకునిందే సార్," అన్నాడు కుళ్ళాయప్ప. "మంచిది."